విశాఖలో డైనోసార్ కోసం మూడు రోజులు

మా వాడికి తొమ్మిదేళ్ళు. కంచం పక్కన రబ్బరు డైనోసార్ లేనిదే ముద్ద దిగదు. దసరా సెలవుల్లో విశాఖపట్నంలో కదిలే డైనోసార్ల ఎగ్జిబిషన్ పెట్టారని వాళ్ళ మావయ్య ఫోన్‌లో చెప్పాడు. ఆ క్షణం నుంచి ఇంట్లో ఎవరికీ మనశ్శాంతి లేదు. కొవ్వూరులో రైలెక్కేశాం.

బావమరిది ఇంట్లో అప్పటికే పండక్కి వచ్చిన చుట్టాలున్నారు. అందుకని మొదటి రాత్రి ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర లాడ్జిలో దిగాం. రోజుకు 1,500. గది చిన్నదే అయినా దుప్పట్లు ఉతికినవి, పొద్దున్నే వేణ్ణీళ్ళు వచ్చాయి. కింద టిఫిన్ బండి కూడా ఉంది. బస్సుల హారన్లు తెల్లారుజామున నాలుగింటికే మొదలవుతాయి, అదొక్కటే ఇబ్బంది. రెండో రాత్రి మా ఆవిడ ముచ్చటపడిందని బీచ్ రోడ్డులో 3,200 పెట్టి 'సీ వ్యూ' గది తీసుకున్నాం. బాల్కనీలో ఎడమ మూలకు నిలబడి మెడ చాపితే రెండు మేడల మధ్య చీర అంచంత సముద్రం కనిపించింది. పైగా మర్నాడు దుప్పటికి ఎర్రమట్టి మరక అయిందని 300 అదనంగా పట్టారు. మరక మాదే, కాదనను. కానీ ఆ దుప్పటి ఖరీదే అంత ఉండదు. మళ్ళీ వెళితే లాడ్జికే వెళ్తాను.

ఇక ఎగ్జిబిషన్. పెద్దలకు 150, పిల్లలకు 100. లోపల పన్నెండు బొమ్మలుంటే నాలుగు కదలడం లేదు. మోటారు పాడైందట. టైరనోసారస్ పక్కన 'మన దేశపు రాక్షస బల్లి' అని బోర్డు! అది ఉత్తర అమెరికా జంతువు. మన దేశంలో దొరికిన వేటాడే డైనోసార్ రాజాసారస్ అని మావాడు అక్కడి కుర్రాడికి పాఠం మొదలుపెట్టాడు. గుజరాత్‌లో దొరికింది, 2003లో పేరు పెట్టారు, తల మీద చిన్న కొమ్ములాంటిది ఉంటుంది... ఇలా సాగుతోంది. తర్వాత వాసుకి ఎక్కడుందని అడిగాడు. కచ్‌లో లిగ్నైట్ గనిలో 27 వెన్నుపూసలు దొరికిన పాము అది. 4.7 కోట్ల ఏళ్ళ నాటిది, పొడవు 11 నుంచి 15 మీటర్లు ఉంటుందని అంచనా. 2024లో పేరు పెట్టారు. కుర్రాడు పాపం తల గోక్కుని, "పాములు లేవు బాబూ, పాప్‌కార్న్ ఉంది" అన్నాడు. బయటికొచ్చాక తిన్న మరమరాల మురీ మిక్చర్ మాత్రం చాలా బాగుంది. నిజం చెప్పాలంటే ఆ సాయంత్రం డబ్బుకు న్యాయం జరిగింది దానికే.

మావాడి మొహం చూసి బావమరిదికి జాలేసింది. "బావా, మా పక్కింట్లో జియాలజీ మాస్టారున్నారు. ఆంధ్రా యూనివర్సిటీలో చదివి, పాఠాలు చెప్పి రిటైరయ్యారు. రేపు ఎర్రమట్టి దిబ్బలకు ఆయన్ని తీసుకెళ్దాం" అన్నాడు. ఈ యాత్ర మొత్తంలో దొరికిన మంచి సర్వీసు ఇదే, పైసా ఖర్చు లేకుండా.

భీమిలి దారిలో సిటీ బస్సు చాలు, ఆటో అక్కర్లేదు. మేం తెలియక ఆటో మాట్లాడుకున్నాం. డ్రైవర్ దారంతా "ఏటి బాబూ, ఆ మట్టి చూడ్డానికా ఇంత దూరం?" అని నవ్వుతూనే ఉన్నాడు. ముందురోజు వాన పడడంతో దిబ్బలు జారుతున్నాయి. చెప్పులతో వెళ్ళకండి, తెల్ల బట్టలు అసలే వద్దు. నీడ లేదు, నీళ్ళు దొరకవు. చూడాల్సిన చోటని మాత్రం గట్టిగా చెబుతాను. వానలకు కోసుకుపోయిన ఎర్రటి గోడల మధ్య నడుస్తుంటే పక్కనే సముద్రం ఉందన్న సంగతే మర్చిపోతాం.

మావాడు దిగగానే ఎముకల కోసం నేల గీకడం మొదలుపెట్టాడు. మాస్టారు ఆపారు. "ఏరా మనవడా, ఈ మట్టి వయసెంతనుకున్నావ్? సుమారు ఇరవై వేల ఏళ్ళు. నీ డైనోసార్లు పోయి 6.6 కోట్ల ఏళ్ళయింది." మంచు యుగంలో సముద్రం వంద మీటర్లకు పైగా కిందికి దిగిపోయిందట. బయటపడిన ఇసుకను గాలి తెచ్చి ఇక్కడ పోసింది. ఇసుక రేణువులకు ఇనుము తుప్పులా పట్టడంతో ఈ ఎరుపొచ్చింది. 2014లో జియలాజికల్ సర్వే దీన్ని వారసత్వ స్థలంగా గుర్తించింది, 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకీ ఎక్కింది. ఇన్ని గౌరవాలు పొందిన చోట చిప్స్ ప్యాకెట్లు, సీసా పెంకులు చూస్తే కడుపు మండింది.

"మరి ఆ కొండల్లో?" అని వేలు చూపించాడు మావాడు.

"అక్కడ అసలే దొరకవు." తిరుగుదారిలో రోడ్డు పక్క ఒక రాయి ఏరి, అందులోని ఎర్ర చుక్కలు చూపించారు. గార్నెట్లనే ఖనిజమట. ఈ కొండల్లో ఎక్కువగా ఉన్న రాయి ఖోండలైట్, ఖోండు గిరిజనుల పేరు మీద 1902లో వాకర్ అనే ఆయన పెట్టిన పేరు. ఒకప్పుడు ఇదీ మట్టీ ఇసుకే. భూమి లోపలికి దిగి 800 డిగ్రీలు దాటిన వేడిలో మగ్గింది. అదంతా జరిగి దాదాపు వంద కోట్ల ఏళ్ళు. అప్పటికి ఎముకలున్న జంతువే పుట్టలేదు. "మాడిన అట్టులో మినపగింజ వెతికినట్టు ఉంటుందిరా ఇక్కడ శిలాజం వెతకడం" అన్నారు.

మావాడు ఏడుపు మొహం పెట్టాడు. అప్పుడు అడిగారు మాస్టారు, ఏ ఊరు మీది అని. కొవ్వూరు అనగానే ఆయన నడక ఆపి మరీ నవ్వారు. "కొవ్వూరు నుంచా! మరి డైనోసార్ కోసం ఇటెందుకొచ్చారయ్యా?"

ఆ తర్వాత అరగంట మాకెవరికీ ఎండ తెలియలేదు. గోదావరి పట్టుకుని ఎగువకు వెళితే, ప్రాణహిత కలిసే ప్రాంతమంతా డైనోసార్ల నేలేనట. 1961లో అక్కడ దొరికిన బారాపాసారస్‌కు, అది రవీంద్రుడి శతజయంతి సంవత్సరం కావడంతో 'టాగోరీ' అని చేర్చారు. బారాపా అంటే బెంగాలీలో పెద్ద కాలు, తొడ ఎముకే మనిషంత. యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది. 2025లో పేరు పెట్టిన మలేరిరాప్టర్ కుట్టీ కూడా తెలంగాణదే. దాదాపు 22 కోట్ల ఏళ్ళ నాటిది, ఎముకలు కనిపెట్టిన కుట్టీ గారి పేరే దానికి పెట్టారు.

"ఇక మీ పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో నల్లరాయి ఉందే, అది దక్కన్ పీఠభూమిలో పొంగిన లావా. పడమటి నుంచి వెయ్యి కిలోమీటర్లు లోయలు పట్టుకుని పారి మీ ఊరి దాకా వచ్చింది. డైనోసార్లు అంతరించిన కాలానిదే. లావా పొరల మధ్య చిక్కిన సున్నపురాయిలో సముద్రపు చిన్న జీవుల గుల్లలుంటాయి. వాటిని పట్టుకునే ఆ కాలంలో ఏం జరిగిందో లెక్క కడుతున్నారు." మా వీధి రోడ్డుకు పోసిన కంకర గుర్తొచ్చి నాకు నోట మాట రాలేదు.

మూడో రోజు బొర్రా. రైల్లో సీట్లు దొరక్క కారు మాట్లాడుకున్నాం. డ్రైవరు తనకు కమిషన్ వచ్చే కాఫీ పొడి దుకాణాల దగ్గరే మూడుసార్లు ఆపాడు. గుహ గొప్పది, జనమూ గొప్పగానే ఉన్నారు. పెద్దవాళ్ళకు మెట్లు కష్టం. కోతులున్నాయి, చేతిలో తినే వస్తువు పట్టుకోవద్దు. పై నుంచి నీళ్ళు చుక్కచుక్కగా కారి సున్నం పేరుకుని వేలాడే ఊడలను చూసి మావాడు "కోరలు నాన్నా!" అన్నాడు గానీ, అప్పటికే వాడి మనసు పంగిడిలో ఉంది.

వచ్చిన మొదటి ఆదివారం స్కూటర్ మీద తీసుకెళ్ళాను. రోడ్డంతా దుమ్ము, లారీలు. క్వారీ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడు. బ్లాస్టింగ్ ఉంటుంది, లోపలికి వెళ్ళకూడదన్నాడు. అతను చెప్పింది సబబే. గేటు అవతల మెట్లు మెట్లుగా కోసిన నల్లటి గోడ కనిపిస్తోంది. మావాడు కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"రాయి చూడ్డానికొచ్చాం" అన్నాను.

"ఎన్ని లోడ్లు కావాలండీ?" అన్నాడు వాచ్‌మన్.