హామ్ రేడియో సెట్ ట్రాన్స్‌మిట్‌ల ఫ్రీక్వెన్సీ జరుగుతుందా, నల్గొండల ఈ షాపుకు పోయి చూపించుండ్రి

నల్గొండ ప్రకాశం బజార్ వెనక గల్లీల పాత రేడియో, టీవీ రిపేరు షాపు ఒకటుంది, బోర్డు గూడ సక్కగ కనవడది, మెట్లెక్కి పైకి పోవాలె. మన జిల్లాల హామ్ సెట్లు (లైసెన్స్ తీస్కొని షోకుకు మాట్లాడుకునే రేడియోలు) బాగుచేసేటోళ్లు ఎవరన్న ఉన్నరా అని చానమంది అడుగుతుంటరు, వాళ్ల కోసమే ఇది రాస్తున్న. నాక్కూడ మొన్నటిదాక హైదరాబాద్ తప్ప ఇంకో దిక్కు లేకుండె.

నాది 1980ల నాటి జపాన్ సెట్, లోపల అనలాగ్ వీఎఫ్ఓ (ఫ్రీక్వెన్సీ మార్చే సర్క్యూట్), ముంగట డిజిటల్ డిస్‌ప్లే. వినుడు బ్రహ్మాండంగ వినొస్తది, నేను మాట్లాడితేనే తకరారు. 40 మీటర్ల బ్యాండ్ (7 మెగాహెర్ట్జ్) మీద అవతలోళ్లు "గొంతు సన్నగైంది, కిందికి జరిగినవ్ చూస్కో" అంటరు, వాళ్లు నా మీదికి ట్యూన్ చేస్తరు, మల్ల నేను వాళ్ల మీదికి చేస్త, ఇద్దరం మాట్లాడుకుంట మాట్లాడుకుంటనే బ్యాండ్ మీద మెల్లగ జారుకుంట పోతుంటిమి. సీడబ్ల్యూల (మోర్స్ కోడ్ పంపుట్ల) అయితే ఇంకా భయం, మన దేశంల 40 మీటర్ల బ్యాండ్ 7.000 నుంచి 7.200 మెగాహెర్ట్జ్ దాకనే కాబట్టి కింది అంచుకాడ కూసుంటే సిగ్నల్ బ్యాండ్ బయటికి పోతది, అది లైసెన్స్‌తోని ఆట. సిటీల ఒక షాపుల చూపిస్తే మూత గూడ తియ్యకుండనే పీఎల్ఎల్ బోర్డు (క్రిస్టల్ ఆధారంగ ఫ్రీక్వెన్సీని నిలబెట్టే సర్క్యూట్) పోయింది, మార్చాలె, బోర్డు దొరుకుడు కష్టం అన్నరు.

ఇక్కడి పెద్దాయన మాత్రం మొదలు నన్నే అడిగిండు, "తమ్మీ, వినేటప్పుడు తప్పు చూపిస్తుందా, మాట్లాడేటప్పుడు మాత్రమేనా?" అని. మాట్లాడేటప్పుడే సార్ అన్న. అట్లయితే రెఫరెన్స్ క్రిస్టల్ (సెట్ ఫ్రీక్వెన్సీకి కొలమానం లెక్క ఉండేది) జోలికి ఇప్పుడే పోవద్దన్నడు, ఎందుకంటే అది తప్పితే వినుడు, పంపుడు రెండూ ఒక్కతీరుగనే తప్పుతయి. పంపేటప్పుడే తప్పుతుందంటే పీటీటీ (మాట్లాడనీకి నొక్కే బటన్) నొక్కంగనే సెట్‌ల ఏం మారుతుందో అదే వెతకాలె. నాకు ఈ షాపు నచ్చింది ఈ ఒక్క మాటకే.

క్లారిఫయర్ (వినే ఫ్రీక్వెన్సీని కొంచెం జరిపే నాబ్) బంద్ చేసిండు, స్ప్లిట్ (వినుడు ఒకకాడ, పంపుడు ఇంకోకాడ) లేదని చూసిండు, యాంటెన్నా పీకేసి డమ్మీ లోడ్ (యాంటెన్నా బదులు పవర్‌ను మింగే రెసిస్టర్) పెట్టిండు. డమ్మీ లోడ్ మీద గూడ అట్లనే జరుగుతుంది అంటే యాంటెన్నా నుంచి ఆర్ఎఫ్ (మనం పంపే రేడియో సిగ్నలే) వెనకకొచ్చి సతాయిస్తుందన్న అనుమానం పోయినట్టే. తర్వాత కరెంట్. వంద వాట్ల సెట్ ట్రాన్స్‌మిట్‌ల దగ్గర దగ్గర 20 ఆంపియర్లు గుంజుతది, సప్లై మీద 13.8 వోల్టులు కనపడ్డా సన్నటి వైరు ఉంటే సెట్ వెనక అంత ఉండదు, అందుకే మీటర్ సెట్ వెనక పిన్నుల కాడనే పెట్టి మైకుల గట్టిగ "హలో" అనమన్నడు. నిలబడింది. మా నకిరేకల్ దిక్కు ఊర్లల్ల బోరు మోటర్లు నడిచే టైంల వోల్టేజ్ ఎట్లుంటదో అందరికి ఎరికే కదా, ఇంట్ల గూడ ఇట్లనే కొలిచి చూడమన్నడు.

అసలు సంగతి ఇగ ఇక్కడ. పీటీటీ నొక్కినప్పుడు డిస్‌ప్లే మీద చివరి అంకె చూడమన్నడు. ఆ అంకె అంటే 100 హెర్ట్జ్, నొక్కంగనే నాలుగు మెట్లు కిందికి దిగింది, ఇడిస్తే మల్ల ఎక్కింది. తర్వాత 20 మీటర్ల బ్యాండ్‌కు (14 మెగాహెర్ట్జ్) తిప్పి నొక్కిండు, అక్కడ గూడ నాలుగే. తప్పు రెఫరెన్స్‌దైతే 14 మెగాహెర్ట్జ్ కాడ 7 మెగాహెర్ట్జ్ కంటే ఎక్కువ జరగాలె, రెండు బ్యాండ్ల మీద అంతే జరుగుతుందంటే దోషం వీఎఫ్ఓ దిక్కే ఉంది, పీఎల్ఎల్ బోర్డు మార్చినా ఏం లాభం ఉండకపోవు.

మూత తీసి చూపించిండు. ఇసొంటి పాత సెట్లల్ల క్లారిఫయర్ తిప్పితే ఒక వరాక్టర్ డయోడ్ (వోల్టేజ్‌ను బట్టి ఫ్రీక్వెన్సీని జరిపేది) మీద వోల్టేజ్ మారతది, ట్రాన్స్‌మిట్‌ల ఆ నాబ్‌ను పక్కకు పెట్టి లోపలున్న చిన్న ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తోని తిప్పే రెసిస్టర్) నుంచి వోల్టేజ్ వస్తది. ఆ ప్రీసెట్ నల్లవడి ఉంది, పీటీటీ నొక్కి ప్లాస్టిక్ పుల్లతోని మెల్లగ తడితే డిస్‌ప్లేల అంకె ఎగిరెగిరి పడ్డది. క్లీనర్ కొట్టి పంపుత అనలే, కొన్నాళ్లకు మల్ల అదే కత అయితదని కొత్తది మల్టీటర్న్ (చాన చుట్లు తిరిగే) ప్రీసెట్ వేసిండు. సెట్‌ను చానసేపు వేడెక్కనిచ్చి, జీపీఎస్‌తోని లాక్ అయ్యే 10 మెగాహెర్ట్జ్ డబ్బాకు కౌంటర్‌ను కలిపి, వినుడు పంపుడు రెండూ ఒక్కకాడ కూసునే దాక తిప్పిండు. చల్లటి సెట్ మీద అడ్జస్ట్ చేసి ఇస్తే మన నల్గొండ ఎండల అది నిలవదు కదా. బిల్లు వెయ్యి లోపలనే, పాత ప్రీసెట్ గూడ కవర్ల పెట్టి చేతికిచ్చిండు.

లోట్లు ఉన్నయి, అవి గూడ చెప్పాలె. ఫోన్ ఎత్తడు. పని ఎన్నడైతదో ముందుగాల చెప్పడు, తొందర ఉన్నోళ్లకు కష్టమే. స్పెక్ట్రమ్ అనలైజర్ లేదు కాబట్టి హార్మోనిక్స్ (అసలు ఫ్రీక్వెన్సీకి రెండింతలు, మూడింతల కాడ వచ్చే అనవసర సిగ్నళ్లు) చూపించుకుందామంటే ఇక్కడ కాదు. చైనా హ్యాండ్‌సెట్లు పట్టడు, అయినా ఆ సెట్లల్ల రిపీటర్ (మన సిగ్నల్‌ను అందుకొని మల్ల పంపే స్టేషన్) పడకపోతే చాన మార్లు సెట్ ఖరాబ్ కాదు, రెండు మీటర్ల మీద మామూలుగ ఉండే మైనస్ 600 కిలోహెర్ట్జ్ ఆఫ్‌సెట్ (వినే, పంపే ఫ్రీక్వెన్సీల తేడా), రిపీటర్‌ను తెరిచే టోన్ సరిగ్గ పెట్టిండ్రా లేదా మీరే చూసుకోవచ్చు.

పోయేటోళ్లు సెట్ ఒక్కటే పట్టుకపోకుండ్రి, ఇంట్ల వాడే పవర్ సప్లై, దాని వైర్లు, మైకు అన్నీ తీస్కపోండ్రి, ఆయన వాటితోనే టెస్ట్ చేస్తడు. పొద్దుగాల పోతే మంచిది, సాయంత్రం మిక్సీలు, ఫ్యాన్ల గిరాకీ ఎక్కువుంటది.