ఆకుపచ్చ గీత పడ్డ ఫోన్: కంపెనీ సెంటరా, నల్లగొండ గడియారం సెంటర్ దుకాణమా?

అమోలెడ్ (ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే) స్క్రీన్ మీద పైనుంచి కిందికి వెంట్రుకంత ఆకుపచ్చ గీత పడితే ఫ్యాక్టరీ రీసెట్‌తో పోదు. ప్యానెల్‌కు సిగ్నల్ అందించే సన్నని కనెక్షన్ చెడితే వచ్చే గీత అది. అప్‌డేట్ తర్వాతే కనిపించినా మార్చాల్సింది డిస్‌ప్లేనే. ఒక గీత నాలుగు కావచ్చు, టచ్ పనిచేస్తుండగానే బ్యాకప్ తీసుకోండి.

ముందు పోవాల్సింది మాత్రం కంపెనీ సెంటర్‌కే. బయట విప్పిన ఫోన్‌కు ఉచిత మార్పిడి దొరకడం కష్టం. వన్‌ప్లస్ అయితే 2024 డిసెంబర్‌లో మన దేశంలో ఈ గీతకు జీవితకాల వారంటీ ప్రకటించింది. మీ బ్రాండ్ సెంటర్ ఊళ్లో లేక హైదరాబాద్ పోవాల్సొస్తే, పార్టు స్టాకులో ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కొని బస్సెక్కండి. బిల్లు వెంట ఉండాలి. దెబ్బ తగలని ఫోన్‌ను ‘ఫిజికల్ డ్యామేజ్’ అంటే ఊరుకోవద్దు. ఆ మాట జాబ్‌షీట్‌లో (సెంటర్ వాళ్లిచ్చే రిపేరు కాగితం) రాయించుకొని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేయండి.

నల్లగొండ గడియారం సెంటర్ దుకాణాల్లో గంట, రెండు గంటల పని. హీట్ ప్లేట్ మీద జిగురు మెత్తబరిచి ప్యానెల్ ఊడదీస్తారు. చిక్కంతా వేసే డిస్‌ప్లేతోనే. చౌకగా చెప్పింది తరచూ వెనక లైటుతో వెలిగే ఎల్‌సీడీ కాపీ అయి ఉంటుంది, దానితో స్క్రీన్ కింది ఫింగర్‌ప్రింట్ చాలాసార్లు పనిచేయదు. పైసలిచ్చే ముందు నల్లటి ఫొటో తెరిచి, బ్రైట్‌నెస్ పెంచి, చేతులడ్డం పెట్టి చూడండి. నలుపు బూడిద రంగులో వెలిగితే అది ఎల్‌సీడీనే. కొత్త జిగురు ఆరేదాకా, అంటే ఒక రోజు, ఫోన్‌ను వెనక జేబులో పెట్టొద్దు, అంచు లేస్తది.