చెన్నైలో షార్ట్ ఫిల్మ్ ప్యాకేజీ తీసుకుంటున్నారా? అడ్వాన్స్ వేసే ముందు ఇది చదవండి

"కథ మీది, మిగతాదంతా మాది" అనే ప్యాకేజీలు చూస్తున్నవాళ్ళ కోసం రాస్తున్నా. వడపళని, సాలిగ్రామం, వలసరవాక్కం చుట్టుపక్కల ఇలాంటి ఆఫీసులు బోలెడు. వాటిలో నిజాయితీగా పనిచేసేవాళ్ళూ ఉన్నారు, నేను వెళ్ళి పడింది మాత్రం వేరే రకం దగ్గర. పేరు రాయడం లేదు, ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి లాయరుగారు వద్దన్నారు. రాసినా పెద్ద ఉపయోగం ఉండదులెండి, ఇలాంటివాళ్ళకి బోర్డు మార్చడం ఒక పూట పని.

మాది నెల్లూరు దగ్గర. షోలింగనల్లూరులో ఐటీ ఉద్యోగం. నాలుగేళ్ళుగా ఒక కథ పట్టుకుని తిరుగుతున్నా: తెలుగు సినిమా హైదరాబాద్ వెళ్ళిపోయాక కోడంబాక్కంలోనే మిగిలిపోయిన ఒక కాస్ట్యూమ్స్ దర్జీ, ఆయన కూతురు. 14 నిమిషాలు, ఇద్దరు ఆర్టిస్టులు, ఒక ఇల్లు, ఒక రాత్రి రోడ్డు మీద సీను. అంతే. దీనికి 2,20,000 ప్యాకేజీ అన్నారు. మూడు రోజుల షూటు, కెమెరా, లైట్లు, యూనిట్ బత్తాలు (రోజువారీ ఖర్చులు), భోజనాలు, ఎడిటింగ్, డబ్బింగ్, డీఐ (రంగులు సరిదిద్దడం), ఫెస్టివల్స్‌కి పంపడం, అన్నీ అందులోనే. ఆఫీసులో మాట్లాడినాయన తెలుగాయనే. "నెల్లూరోడివా తమ్ముడూ, మాది గూడూరు" అనేసరికి నేను సగం పడిపోయాను, మిగతా సగం ఆయన తెప్పించిన ఫిల్టర్ కాఫీకి పడిపోయాను. రోజంతా తమిళం వినే ఊళ్ళో మన యాస వినపడితే జేబు మీద చెయ్యి దానంతటదే తీసేస్తాం. అదే వాళ్ళ పెట్టుబడి.

మొదటి రోజే ఆరు పేజీల అగ్రిమెంట్ ఇచ్చారు, ఇంగ్లీషులో. రోజూ ఇంగ్లీషులోనే మెయిల్స్ రాసే ఉద్యోగం నాది, అయినా చదవకుండా సంతకం పెట్టాను. సిగ్గుగానే ఉంది చెప్పుకోవడానికి. లక్ష అడ్వాన్స్, షూటుకి ముందు రోజు 80,000, రెండూ యూపీఐలో, కంపెనీ ఖాతాకి కాదు, ఆయన సొంత నంబరుకి. మిగతా 40,000 ఫైనల్ కాపీ ఇచ్చాక అన్నారు.

షూటు మొదలైంది. కొటేషన్‌లో "సినిమా కెమెరా, ప్రైమ్ లెన్సుల సెట్" (జూమ్ లేని విడి లెన్సులు) అని ఉంది, మోడల్ పేరు లేదు. వచ్చింది సోనీ ఎఫ్ఎక్స్3, ఒక జూమ్ లెన్సు. ఆ కెమెరాని తప్పు పట్టను, దాంతో మంచి పని చేసేవాళ్ళున్నారు, కానీ దాని అద్దె వేరు, నా దగ్గర తీసుకున్న లెక్క వేరు. అడిగితే "తమ్ముడూ, కెమెరా ఏదైతే ఏంది, కథ కదా ముఖ్యం" అన్నారు. కథ గురించి వాళ్ళు మాట్లాడింది ఆ ఒక్కసారే. సౌండ్ మనిషి రానే లేదు. డబ్బింగ్‌లో చూసుకుందామన్నారు. డబ్బింగ్ చెప్పాలన్నా లొకేషన్‌లో ఆర్టిస్టు అన్న మాట స్పష్టంగా రికార్డ్ అయి ఉండాలి, పెదాలకి మాట కలపడానికి అదే ఆధారం. మాకు దక్కింది కెమెరా మైకులో పడిన ఫ్యాను చప్పుడు, పక్కింటి కుక్కరు విజిల్.

మూడో రాత్రి రోడ్డు సీను. పర్మిషన్ల కోసమని 15,000 విడిగా తీసుకున్నారు. లైటు స్టాండ్లు వేసి పావుగంట కాలేదు, పోలీసులు వచ్చి పర్మిషన్ కాగితం చూపించమన్నారు. మేనేజర్ ఫోన్ స్విచ్చాఫ్. కాగితమే లేదు. ట్రైపాడ్ పెట్టి, లైట్లు వేసి రోడ్డు మీద తీయాలంటే పోలీసుల అనుమతి కావాలి, కార్పొరేషన్ స్థలమైతే వాళ్ళదీ కావాలి. ఆ కాగితం కాపీ షూటుకి ముందు రోజే మన ఫోన్లో ఉండాలి, "మనకి అక్కడ తెలిసినవాళ్ళున్నారు" అనే మాట కాగితం కాదు. ఆ రాత్రి దొరికిందల్లా తీసుకుని, మిగతాది ఒక సందులో, వీధి దీపం కింద కానిచ్చాం. నిజం చెప్పాలంటే సినిమాలో బాగా వచ్చిన ముక్క అదొక్కటే.

అసలు దెబ్బ తర్వాత. ఫిబ్రవరిలో షూటు అయింది, ఏప్రిల్ వరకు "ఎడిటర్ పెద్ద సినిమాలో ఉన్నాడు". మేలో ఒక రఫ్ కట్ (కచ్చా ఎడిట్) చూపించారు, తొమ్మిది నిమిషాలే. కూతురి సీన్లు ఏవండీ అంటే, పేసింగ్, అంటే కథ వేగం కోసం తీసేశాం అన్నారు. దర్జీ, కూతురు ఉన్న కథలో కూతుర్ని తీసేస్తే ఇంక దర్జీ, కుట్టుమిషను మిగులుతాయి. రషెస్ (షూట్ చేసిన ముడి ఫుటేజ్) ఇచ్చేయండి, నేనే చూసుకుంటా అన్నాను. అప్పుడు బయటికొచ్చింది అగ్రిమెంట్లో నాలుగో పేజీ: ఫైనల్ సెటిల్‌మెంట్ తర్వాతే హ్యాండోవర్. సెటిల్‌మెంట్ ఎంత? మిగిలిన 40,000, మొత్తం మీద 18 శాతం జీఎస్టీ అని 39,600, సెన్సార్ ఖర్చు 25,000. వెరసి 1,04,600.

ఈ రెండు కొత్త పద్దుల గురించి కాస్త ఎక్కువే చెప్తా, ఎందుకంటే ఇవే అందరి మీదా వేస్తున్నారు. జీఎస్టీ అడిగితే జీఎస్టీ నంబరున్న ఇన్వాయిస్ అడగండి. తమిళనాడు రిజిస్ట్రేషన్ అయితే నంబరు 33తో మొదలవుతుంది, జీఎస్టీ పోర్టల్లో కొడితే ఎవరి పేరు మీద ఉందో, ఇంకా బతికే ఉందో నిమిషంలో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు జీఎస్టీ వసూలు చేయడానికే లేదు. నేను నంబరు అడిగిన రోజు నుంచి ఆ 39,600 మాట మళ్ళీ ఎత్తలేదు. ఇక సెన్సార్. థియేటర్లో వేయాలంటే సెన్సార్ బోర్డు, అంటే సీబీఎఫ్‌సీ సర్టిఫికెట్ కావాలి, దానికి మనమే ఆన్‌లైన్లో దరఖాస్తు చేసుకోవచ్చు. యూట్యూబ్‌లో పెట్టుకునే షార్ట్ ఫిల్మ్‌కి ఆ సర్టిఫికెట్ అక్కర్లేదు. అక్కర్లేని దానికి 25,000. అందులో "లోపల మనిషికి" అని కూడా గొణిగారు, అది విన్నాక ఇంక కాఫీ కూడా తాగలేదు.

1915కి, అంటే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి, ఫిర్యాదు చేశాను. వాళ్ళు కంపెనీకి పంపుతారు, బలవంతం చేయలేరు. కంపెనీవాళ్ళు "క్లయింటే సహకరించడం లేదు" అని జవాబిచ్చి కూర్చున్నారు. తర్వాత లాయరు నోటీసు. అది అందిన వారానికి కొరియర్లో ఒక హార్డ్ డిస్క్ వచ్చింది, "మొత్తం ఫుటేజ్ ఇచ్చేశాం" అనే చీటీతో.

తెరిచి చూస్తే ఫైళ్ళు నిండుగానే ఉన్నాయి, నేనూ సంతోషపడ్డాను. తరమణి ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివే ఒక అమ్మాయి పరిచయమైంది, ఎడిటింగ్ విద్యార్థి. ఫైళ్ళు చూడకముందే "లాగ్ షీట్ ఉందా అన్నా?" అని అడిగింది. అదృష్టం, మా ఆఫీసు ఫ్రెండు కంటిన్యుటీ (సీన్ల పొంతన వివరాలు) రాస్తూ ప్రతి టేక్ నిడివి కూడా రాసుకున్నాడు. మొదటి రోజు 2 గంటల 10 నిమిషాలు, రెండో రోజు రెండున్నర గంటలు, రాత్రి 50 నిమిషాలు. మొత్తం ఐదున్నర గంటలు. మేం తీసిన సెట్టింగు 4కే, 25 ఫ్రేములు, సెకనుకి 250 మెగాబిట్లు. అంటే గంటకి 112 జీబీ పైచిలుకు. ఐదున్నర గంటలకి 600 జీబీ దాటాలి. డిస్కులో ఉన్నది 335. ఆ అమ్మాయి కాగితం మీద తీసివేత వేసి, "రెండో రోజు మొత్తం లేదన్నా" అంది. కూతురి సీన్లు పేసింగ్ కోసం తీసేసినవి కావు. అసలు లేవు. అద్దెకి తెచ్చిన మెమరీ కార్డులు కాపీ చేసుకోకుండానే మర్నాడు వేరే షూటు కోసం ఫార్మాట్ కొట్టేశారు. ఇది నేను ఊహించి చెప్తున్నది కాదు, కెమెరా అసిస్టెంట్ కుర్రాడే తర్వాత ఫోన్ చేసి ఒప్పుకున్నాడు. అతనికీ మూడు రోజుల బత్తా ఇవ్వలేదట.

అందుకని ప్యాకేజీ ఎంత మంచిదైనా సరే, ఎవరు ఎంత తెలుగు మాట్లాడినా సరే, రెండు హార్డ్ డిస్కులు మీ డబ్బుతో మీరే కొనుక్కుని లొకేషన్‌కి తీసుకెళ్ళండి. ప్యాకప్ అయ్యాక కార్డు రెండింటిలోకీ కాపీ అవ్వాలి, ఒకటి ఆ రాత్రే మీ ఇంటికి రావాలి, మీరు తెరిచి చూసి సరే అన్నాకే కార్డు ఫార్మాట్ చేయాలి. ఈ మాట అగ్రిమెంట్లో రాయించండి. "మా మీద నమ్మకం లేదా" అని అలిగితే ఆ ఆఫీసు మెట్లు అక్కడే దిగేయండి. పేమెంట్ కూడా తేదీలకి కట్టకండి, వస్తువుకి కట్టండి: ఆ రోజు ఫుటేజ్ చేతికొచ్చాక ఇంత, ఎడిట్ లాక్ అయ్యి (ఇక మార్పులు లేవని ఖాయమై) ప్రాజెక్ట్ ఫైల్ ఇచ్చాక ఇంత, సౌండ్ ట్రాకులు విడివిడిగా ఇచ్చాక ఇంత. కంపెనీ బ్యాంకు ఖాతాకే.

హక్కుల సంగతి కూడా చెప్పాలి, ఇది నాకు ఫుటేజ్ కన్నా ఎక్కువ మండింది. డబ్బిచ్చి తీయించుకున్న సినిమాకి, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్నవాడే మొదటి హక్కుదారు అని 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ చెప్తుంది. ఆ "వేరే ఒప్పందం లేకపోతే" దగ్గరే నా కొంప మునిగింది. ఐదో పేజీలో నిర్మాత వాళ్ళ బ్యానర్, సకల హక్కులూ బ్యానర్‌వి, నేను "కథ, దర్శకత్వం" మాత్రమే. డబ్బు పెట్టింది నేను, నిర్మాత వాళ్ళు! కథని మాత్రం ముందే కాపీరైట్ ఆఫీసులో సాహిత్య రచనగా నమోదు చేయించాను, ఫీజు 500 రూపాయలు. నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. స్క్రిప్టు నాదేనని చూపించడానికి ఇప్పుడు లాయరు చేతిలో ఉన్న గట్టి కాగితం అదే.

ఫెస్టివల్స్ ముచ్చట త్వరగా ముగిస్తా. "ఐదు ఇంటర్నేషనల్ అవార్డులు గ్యారంటీ" అంటే, ఫీజు కట్టినవాళ్ళకల్లా నెలనెలా ఆకుల బొమ్మ (పోస్టర్ మీద వేసుకునే అవార్డు గుర్తు) పంపే ఆన్‌లైన్ పోటీలు. అవి పోస్టర్ మీద బాగుంటాయి, ఇండస్ట్రీలో ఎవరూ లెక్కచేయరు. కేరళలో చలచిత్ర అకాడమీ జరిపే డాక్యుమెంటరీ, షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ లాంటివాటికి మనమే పంపుకోవచ్చు, మధ్యలో మనిషి అక్కర్లేదు. ఎంపికకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు, ఇస్తామంటే అదే అనుమానించాల్సిన విషయం. రఫ్ కట్‌లో వేసిన నేపథ్య సంగీతం కూడా ఎక్కడో ఎత్తుకొచ్చిందే, పరీక్షగా యూట్యూబ్‌లో ప్రైవేటుగా పెట్టి చూస్తే కాపీరైట్ క్లెయిమ్ పడింది.

ఇంకో వల కూడా వేశారు. "50,000 పెట్టుకో, యూనియన్ కార్డు ఇప్పించి పెద్ద డైరెక్టర్ దగ్గర ఏడీగా పెట్టిస్తా" అని. ఏడీ అంటే అసిస్టెంట్ డైరెక్టర్. కార్డు కావాలంటే ఆ క్రాఫ్ట్ సంఘం ఆఫీసుకే నేరుగా వెళ్ళి అర్హతలు, ఫీజు కనుక్కోండి, రసీదు తీసుకోండి. ఏడీగా చేరడానికి డబ్బు అడిగితే అది ఉద్యోగం కాదు. మామూలుగా జీతం సరిగ్గా రాని పని అది, ఎదురు కట్టడం ఎక్కడి న్యాయం?

ఇప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేశాం. 5 లక్షల లోపు వ్యవహారానికి అక్కడ ఫీజు లేదు, ఆన్‌లైన్లోనే వేయొచ్చు, గొడవ మొదలైన రెండేళ్ళలోపు వేయాలి. వాట్సాప్ మాటలు, యూపీఐ రసీదులు, కాల్‌షీట్లు, లాగ్ షీట్ అన్నీ ప్రింటు తీసి పెట్టాం. 112 లెక్క చూసి లాయరుగారు "సినిమా వాళ్ళ కేసులో ఎక్కాలు పనికొస్తాయనుకోలేదు" అన్నారు. ఎప్పటికి తేలుతుందో తెలియదు. మీ చేతికొచ్చిన అగ్రిమెంట్లో కూడా ఆ హ్యాండోవర్ లైను, ఆ బ్యానర్ లైను ఉంటే సంతకానికి ముందు కింద ఒక మాట రాయండి, నాది పక్కన పెట్టి పోల్చి చెప్తాను.

సినిమా మాత్రం ఆపలేదు. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్లో నేనూ ఆ అమ్మాయీ శనాదివారాలు కూర్చుని ఉన్నంతవరకు ఎడిట్ చేశాం. రెండో రోజు సీన్లు మళ్ళీ తీయాలి, ఇల్లు ఇస్తామన్నారు, కూతురి వేషం వేసినావిడ ఒప్పుకున్నారు, డిస్కులు కొన్నాను. దర్జీ వేషం వేసిన పెద్దాయన ఈలోపు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుని మీసం కూడా తీసేశారు. పెరిగేదాకా ఆగుతున్నాం.