ఇద్దరం, ఒక గొడుగు, కర్నూలు

పిల్లలిద్దరినీ మా అమ్మ దగ్గర వదిలి రెండు రోజులు ఎటైనా వెళ్దామని మూడేళ్లుగా అనుకుంటున్నాం. ఈ జూలైలో కుదిరింది. “వానల్లో కర్నూలు ఏమిటే, అక్కడేముంది?” అని అమ్మ ముక్కున వేలేసుకుంది. మా లెక్క చిన్నది. కాచిగూడలో తుంగభద్ర ఎక్స్‌ప్రెస్ ఎక్కితే భోజనాల వేళకు దిగవచ్చు. కారు తీస్తే ఆయన రోడ్డు చూస్తారు, నేను ఆయన వేగం చూస్తాను, ఇక మాటలెక్కడ? కృష్ణ వంతెన మీదికి వచ్చేసరికి జల్లు లోపలికి కొట్టి కిటికీ దించాల్సి వచ్చింది.

మొదటి హోటలు పేరు చెప్పను. ఫొటోలు చూసి రోజుకు 2,600 కట్టాం. రాత్రి వాన పెరిగాక కిటికీ సందులోంచి నీళ్లు కారి పరుపు మూల తడిసింది. కిందికి ఫోను చేసి చెబితే కుర్రాడొకడు బకెట్టు తెచ్చి కిటికీ కింద పెట్టి వెళ్లిపోయాడు. 1953 నుంచి 1956 దాకా ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్నప్పుడు ఈ ఊళ్లో ఆఫీసులే గుడారాల్లో నడిచాయి, మనకు ఈ మాత్రం తడి ఒక లెక్కా అన్నారు మా ఆయన. నాకు నవ్వు రాలేదు. పొద్దున గీజరు కూడా పని చేయలేదు.

ఆ కోపం తగ్గించింది ఉగ్గాని. బండి దగ్గర ఒకావిడ నానబెట్టిన బొరుగులను రెండు చేతులా దోసిలితో తీసి, గట్టిగా పిండి, ఉల్లిపాయ తాలింపులో వేసి నాలుగు తిప్పులు తిప్పింది. పైన పుట్నాల పొడి, పక్కన పొడవాటి మిరపకాయ బజ్జి. బొరుగులు మెత్తబడాలి గానీ ముద్ద కాకూడదు. నేను ఇంట్లో చేస్తే ఎప్పుడూ ముద్దే. ఆవిడ పిండే తీరు చూశాక లోపం ఎక్కడో తెలిసింది.

ఆ పూటే కొండారెడ్డి బురుజుకు దగ్గర్లో ఒక పాత లాడ్జికి మారాం. 1,400 అద్దె, చిన్న గది, రంగు వెలిసిన గోడలు. కానీ ముందు వసారా ఉంది, రెండు కుర్చీలున్నాయి. వానాకాలంలో జంటగా వెళ్లేవాళ్లు ఏసీ కంటే ముందు వసారా అడగాలి. లెక్కలు రాసే పెద్దాయన గోడ మీద తన భుజం ఎత్తున చెయ్యి పెట్టి, 2009 అక్టోబరు వరదల్లో నీళ్లు ఇంతవరకూ వచ్చాయన్నారు. తుంగభద్ర, హంద్రీ కలిసే ఊరు. ఇక్కడివాళ్లు వాన కోసం ఎదురుచూస్తారు, గట్టిగా పడితే నది వైపు చూస్తారు. ఆ రాత్రి మెలకువ వచ్చినప్పుడల్లా నేనూ ఆ గోడ వైపే చూశాను.

బురుజు ఎక్కడానికి పావుగంట చాలు. మెట్లు తడిసి జారుతున్నాయి. లోపలి సొరంగం నది కిందుగా గద్వాల దాకా పోతుందని జనం చెప్పుకుంటారు. మేం చూసినంతవరకూ చీకటే.

ఓర్వకల్లు రాతి వనాలకు మాత్రం వానే అందం. నంద్యాల రోడ్డులో ఇరవై కిలోమీటర్ల పైచిలుకు, ఆటోకు రానుపోను 900 ఇచ్చాం. ఎండలో వెలవెలబోయే బండలు తడిసి ముదురు రంగు తేలాయి, మడుగుల్లో వాటి నీడలు. చెప్పులతో వెళ్లకండి, నేను రెండుసార్లు కూర్చుండిపోయాను. ఇలాంటి వానలకే తుగ్గలి, జొన్నగిరి పొలాల్లో జనం తలలు వంచుకుని వజ్రాలు వెతుకుతారని ఆటో అబ్బాయి చెప్పాడు. అంతే, మా ఆయన రోడ్డు పక్కన మెరిసే రాయొకటి ఏరి జేబులో వేసుకున్నారు. “సార్, అది పలుగురాయి,” అన్నాడు అబ్బాయి. ఆయన వినలేదు. సాయంత్రం ఫోనులో చిన్నదానికి వజ్రం కథంతా చెప్పేశారు.

బెలుం గుహలు మానుకున్నాం. వంద కిలోమీటర్లు పోయి, గంటన్నర నడిచి, మళ్లీ తడిసి రావడం మా వయసుకు విహారం కాదు.

మూడో రోజు అలంపురం. సామాను వెంట తీసుకెళ్లడం మంచిది. చూసుకున్నాక అలంపూర్ చౌరస్తాకు వస్తే అక్కడే హైదరాబాదు బస్సు దొరుకుతుంది, వెనక్కి కర్నూలు రానక్కర్లేదు. బాదామి చాళుక్యుల నవబ్రహ్మ ఆలయాలు పేరుకే బ్రహ్మవి, లోపలున్నది శివుడు. తడి రాతి మీద శిల్పాల గీతలు తేటగా కనిపించాయి. గుడి అరుగు మీద వాన వెలిసేదాకా కూర్చున్నాం. మూడు రోజుల్లో మేం ఎక్కువసేపు మాట్లాడుకున్నది అక్కడే, అదీ పెద్దదాని లెక్కల మార్కుల గురించి.

చౌరస్తాలో బస్సు కోసం ఒకే గొడుగు కింద నిలబడి ఉండగా చిన్నది ఫోను చేసింది. వజ్రం జాగ్రత్తగా ఉందా అని అడిగింది. ఆయన జేబు తడుముకుని “ఉంది,” అన్నారు.