హావ్‌లాక్‌లో బీచ్ హట్ బుక్ చేస్తున్నారా? డబ్బు పంపేముందు ఇది చదవండి

అండమాన్ ట్రిప్ ప్లాన్ చేసుకుంటున్నవాళ్లకి, ముఖ్యంగా పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని వెళ్లేవాళ్లకి ఈ హెచ్చరిక. హావ్‌లాక్‌లో (2018 నుంచి దాని పేరు స్వరాజ్ ద్వీప్) వెదురు కాటేజీలున్న ఒక బీచ్ లాడ్జ్‌లో మా కుటుంబం పడ్డ అవస్థ ఇంకెవరూ పడకూడదని రాస్తున్నాను. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి లాడ్జ్ పేరు బయటపెట్టడం లేదు. వాళ్లు వాడిన పద్ధతి మాత్రం పూసగుచ్చినట్టు చెప్తాను. అదే పద్ధతి రేపు ఇంకో బోర్డు కింద కూడా నడవచ్చు.

గుడిసె గుడిసెలా ఉందన్నది నా ఫిర్యాదు కాదు. వెదురు తడికలు, ఆకుల కప్పు, ఏసీ లేకపోవడం, గోడల మీద బల్లులు, రాత్రంతా కప్పల అరుపులు, ఇవన్నీ తెలిసే వెళ్లాం, ఇష్టపడే వెళ్లాం. అలాంటి గుడిసెల్ని శుభ్రంగా, ప్రేమగా నడిపేవాళ్లు ఆ దీవిలోనే ఉన్నారు. మా తర్వాతి మకాం అలాంటిదే. తక్కువ డబ్బుకే హాయిగా నిద్రపోయాం. నా కోపమంతా చెప్పిన అబద్ధాల మీద, ప్రాణాల మీదకి తెచ్చే నిర్లక్ష్యం మీద.

మేం ముందు ఒక బుకింగ్ యాప్‌లో గది తీసుకున్నాం. కొద్ది రోజులకి లాడ్జ్ నుంచి ఫోన్ వచ్చింది. యాప్‌వాళ్లు కమీషన్ ఎక్కువ లాగుతున్నారు, అది క్యాన్సిల్ చేసి మాకే నేరుగా యూపీఐ చేయండి, డిస్కౌంట్ ఇస్తాం, సముద్రానికి ఎదురుగా ఉన్న కాటేజీ పక్కా అన్నారు. మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, వెస్టర్న్ కమోడ్ ఉండాలి, మెట్లు ఉండకూడదు, వేడినీళ్లు కావాలి అని మావారు వాట్సాప్‌లో అడిగారు. అన్నిటికీ 'యెస్ సర్, కన్ఫర్మ్' అని రాతపూర్వకంగా జవాబిచ్చారు. ఫొటోలు పంపారు. ఫొటోలో గుమ్మం దిగితే సముద్రమే.

అక్కడికి వెళ్లాక చూపించిన కాటేజీ కొబ్బరితోట వెనకాల, జనరేటర్ షెడ్డు పక్కన ఉంది. సముద్రం కనిపించదు, వినిపించదు, వినిపించేది జనరేటరే. గదికి నాలుగు మెట్లు, బాత్‌రూమ్ బయట, అందులో ఇండియన్ టాయిలెట్. ఫొటోలో ఉన్న కాటేజీ ఏదని అడిగితే అది పక్క ప్రాపర్టీదని అక్కడ పనిచేసే అబ్బాయే చెప్పాడు, పాపం. మేనేజర్‌ది మాత్రం ఒకటే పాట: "ఐలాండ్‌లో ఇలాగే ఉంటుంది మేడమ్, అడ్జస్ట్ అవ్వాలి." మేం అక్కడున్నంతసేపూ ఏది అడిగినా ఇదే సమాధానం. దోమతెర చిరిగింది, ఐలాండ్. తలగడలు బూజు వాసన, ఐలాండ్. కమోడ్ లేదు, అదీ ఐలాండే!

వీటన్నిటికన్నా ముందు చెప్పాల్సింది వేడినీళ్ల సంగతి. గీజర్ ఉంటుందని రాసిచ్చినవాళ్లు, అడిగితే ఒక ఇనుప బకెట్టూ, అందులో వేలాడేసిన హీటర్ రాడ్డూ తెచ్చి బాత్‌రూమ్‌లో పెట్టారు. రాడ్డుకి ప్లగ్గు లేదు. రెండు వైర్ల కొనలు ఒలిచి సాకెట్ రంధ్రాల్లో దోపి, ఊడిపోకుండా అగ్గిపుల్లలు గుచ్చారు. ఆ సాకెట్‌కి వచ్చే వైరుకి మధ్యలో అతుకు, దాని మీద టేపు కూడా లేదు, పాలిథీన్ కవర్ చుట్టారు. నేలంతా తడి. బావినీళ్లేమో ఉప్పన, సబ్బు రుద్దితే నురగ రానంత. ఉప్పునీళ్లలో కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో స్కూలు పిల్లల్ని అడిగినా చెప్తారు. అత్తగారు స్నానానికి తువ్వాలు పట్టుకుని బయల్దేరిన సమయం అది. మావారు మెయిన్ ఆపేశారు. మేనేజర్ వచ్చి, ఇన్నాళ్లుగా ఎవరికీ ఏమీ కాలేదే అన్నాడు. ఆ మాట విన్నాక నాకు ఒళ్లు మండిపోయింది. గుడిసె కట్టడానికి వెదురు చాలు, కానీ బాత్‌రూమ్‌లోకి కరెంటు తెచ్చాక ఎర్తింగ్, షాక్ కొడితే ట్రిప్ అయ్యే బ్రేకర్ ఉండి తీరాలి. దీనికి ఐలాండ్ అన్న సాకు చెల్లదు.

ఇంకోటి, చీకటి. అండమాన్‌లో గడియారం మన ఇండియా టైమే, దీవులు మాత్రం మనకి బాగా తూర్పున ఉంటాయి. డిసెంబర్‌లో సాయంత్రం 5 గంటల ప్రాంతంలోనే సూర్యుడు దిగిపోతాడు. తెల్లారేదాకా చాలా పొడవైన రాత్రి. ఇన్వర్టర్ ఉందన్నారు, లేదు. జనరేటర్ రాత్రి కట్టేశారు. బయట ఉన్న బాత్‌రూమ్‌కి, మెట్లు దిగి, కొబ్బరి మట్టల మీదుగా అత్తగారిని ఫోన్ టార్చ్ వెలుగులో నడిపించాం. తోవలో ఒక్క సోలార్ లైటు కూడా లేదు.

'గది నుంచి నేరుగా ఈతకి' అన్న ప్రచారం గురించి కూడా తెలుసుకోండి. గోవింద్‌నగర్, విజయనగర్ వైపు, అంటే దీవి తూర్పు తీరంలో, పాటు సమయంలో నీళ్లు చాలా దూరం వెనక్కి వెళ్లిపోతాయి. రాళ్లు, పగడపు ముక్కలు బయటపడతాయి, చెప్పులు లేకుండా నడిస్తే కాళ్లు కోసుకుపోతాయి. చూడ్డానికి ఎంతో అందం, ఈతకి మాత్రం పోటు రావాలి. రాధానగర్ బీచ్ దీవికి అవతలి వైపు, పడమటి తీరంలో ఉంటుంది. ఇది లాడ్జ్ తప్పు కాదు, కానీ అడిగినా చెప్పకపోవడం తప్పే.

అంతకన్నా దారుణం, పిల్లలు నీళ్లలో ఆడుకోవాలంటే వెనకాల క్రీక్ (సముద్రపు పాయ) ఉంది, లోతు లేదు, దిగండి అని లాడ్జ్‌లో ఒకతను చెప్పాడు. దేవుడు పంపినట్టు మా ఆటో డ్రైవర్ తెలుగువాడు. శ్రీకాకుళం జిల్లా నుంచి వాళ్ల తాతల కాలంలో పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు దాని పేరు శ్రీ విజయపురం) వచ్చి స్థిరపడ్డారట. ఆ మాట వినగానే కంగారుపడ్డాడు. "అమ్మా, ఆ పక్కకి పిల్లల్ని పంపకండమ్మా. అది మడ అడవి, మొసళ్లు తిరుగుతాయి" అన్నాడు. అండమాన్‌లో ఉప్పునీటి మొసళ్లు ఉన్నాయి, క్రీకులూ మడ అడవులూ వాటి ఇళ్లు. 2010లో ఇదే హావ్‌లాక్‌లో, రాధానగర్ దగ్గర నీళ్లలో ఉన్న ఒక అమెరికన్ టూరిస్టుని మొసలి చంపేసింది. హెచ్చరిక బోర్డులు ఉన్న చోట దిగకండి, బోర్డు లేకపోయినా క్రీక్‌లో దిగకండి. ఎవరేం చెప్పినా సరే.

బిల్లు దగ్గర చివరి దెబ్బ. చేత్తో రాసిన కాగితం, దాని మీద జీఎస్టీ నంబర్ లేదు, కానీ 18 శాతం ట్యాక్స్ వేశారు, పైన సర్వీస్ చార్జ్. రోజుకి 7,500 రూపాయల లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 5 శాతమే. మా గది అద్దె అందులో సగం కూడా లేదు. సర్వీస్ చార్జ్‌ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022లోనే మార్గదర్శకాలిచ్చింది. జీఎస్టీ నంబర్ ఉన్న బిల్లు ఇవ్వమని మావారు గట్టిగా నిలదీస్తే ఆ రెండూ కొట్టేశారు. ముందే ఖాళీ చేశాం కదా, మేం ఉండని రాత్రుల అద్దె మాత్రం తిరిగివ్వలేదు.

కాబట్టి బుక్ చేసేముందు వాళ్లని పట్టపగలు వీడియో కాల్ చేయమనండి. మీకిచ్చే గది గుమ్మం నుంచి నీళ్ల దాకా ఫోన్ పట్టుకుని నడవమనండి. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి చూపించమనండి, స్విచ్‌బోర్డు చూపించమనండి. నిజాయితీగా నడిపేవాళ్లు విసుక్కోరు. మేం తర్వాత దిగిన చోట ఓనరమ్మ అడక్కుండానే కమోడ్ ఫొటో తీసి పంపింది. 'నెట్‌వర్క్ లేదు, వీడియో కుదరదు' అనేవాళ్ల మాట నమ్మకండి. 2020లో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక హావ్‌లాక్‌కి కూడా మంచి నెట్ వచ్చింది.

యాప్‌లో బుక్ చేశాక క్యాన్సిల్ చేసి నేరుగా పంపమంటే ఒప్పుకోకండి. అడ్వాన్స్ కొంతే ఇవ్వండి, మిగతాది గది చూశాకే. వ్యక్తి పేరు మీద ఉన్న యూపీఐ ఐడీకి మొత్తం డబ్బు పంపొద్దు. ఫెర్రీ రద్దయితే డబ్బు సంగతేంటో కూడా ముందే రాయించుకోండి. 2016 డిసెంబర్‌లో తుఫాను వాతావరణానికి హావ్‌లాక్, నీల్ దీవుల్లో వందలమంది టూరిస్టులు చిక్కుకుపోయారు. అందుకే తిరుగు ఫ్లైట్‌కి ముందు రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో ఉండేలా చూసుకోండి.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఊరుకోకండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేయండి. అసలు లాడ్జే లేకుండా నకిలీ సైట్ పెట్టి డబ్బు కొట్టేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి. 2019 వినియోగదారుల చట్టం ప్రకారం కేసు కోసం అండమాన్ వెళ్లక్కర్లేదు, మీరుండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేసుకోవచ్చు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ రసీదు, వాళ్లు పంపిన ఫొటో, మీరు తీసిన ఫొటో దాచుకోండి. మేం ఆ సాకెట్‌నీ, అగ్గిపుల్లల్నీ అన్ని వైపుల నుంచీ తీశాం. 1915కి ఫిర్యాదు పెట్టాక లాడ్జ్‌వాళ్లు సగం డబ్బు ఇస్తాం, మాట్లాడుకుందాం అని ఫోన్ చేశారు. మొత్తం ఇవ్వాలి, ఆ వైరింగ్ బాగుచేసి ఫొటో పంపాలి అని చెప్పాం. ఇంకా జవాబు లేదు. విశాఖ జిల్లా కమిషన్‌కి కాగితాలు సిద్ధం చేస్తున్నాం.