ఎగ్జాస్ట్ మానిఫోల్డ్: ఇంటి దగ్గర మార్చుకోవాలా, ఆటోనగర్‌కు తీసుకెళ్లాలా?

పాత కారు స్టార్ట్ చేయగానే ఇంజిన్ దగ్గర టక్‌టక్ శబ్దం వచ్చి, వేడెక్కాక తగ్గిపోతుంటే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ (ఇంజిన్ నుంచి వచ్చే పొగను సైలెన్సర్ గొట్టంలోకి పంపే లోహపు భాగం) చీలిందేమో, దానికీ ఇంజిన్‌కూ మధ్య పొగ బయటికి రాకుండా వేసే గ్యాస్కెట్ పోయిందేమో చూడాలి. విజయవాడలో ఉన్నవాళ్లకు రెండు దారులున్నాయి: ఇంటి దగ్గర మార్చుకోవడం, లేదా బండ్ల రిపేరు షెడ్లుండే ఆటోనగర్‌కు తీసుకెళ్లడం.

ఇంటి దగ్గరైతే కూలి మిగులుతుంది. అంతకంటే పెద్ద లాభం, తొందరపెట్టేవాళ్లు ఉండరు. ఏళ్ల తరబడి వేడికి కాలిన నట్లు ఒక పట్టాన ఊడవు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి నాననివ్వాలి. ఇంజిన్ పూర్తిగా చల్లారాలి కాబట్టి మన ఎండాకాలంలో పని తెల్లవారుజామునే మొదలుపెట్టడం మేలు. కొత్త గ్యాస్కెట్ వేసి, మధ్య నట్ల నుంచి అంచుల వైపుకు, రెండు మూడు విడతల్లో, మాన్యువల్‌లో ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) వరకే బిగించాలి. ముందే ఒక చివర గట్టిగా బిగించేస్తే లీకేజీ కొనితెచ్చుకున్నట్టే.

స్టడ్ (నట్టు ఎక్కించే మరల కడ్డీ) విరిగితే మాత్రం ఇంట్లో మొండికేయొద్దు, నేను ఆటోనగర్‌కే ఓటేస్తాను. విరిగిన ముక్కకు నట్ వెల్డింగ్ చేసి తిప్పి తీయడం అక్కడివాళ్లకు అలవాటైన పని. మానిఫోల్డ్ వంగినా సాపు చేయించుకోవచ్చు. పాత గ్యాస్కెట్ మళ్లీ వేయకుండా దగ్గరుండి చూసుకోండి.

పని ఎక్కడ చేసినా, లీకేజీ చూసేటప్పుడు షెడ్డు తలుపులు మూసి ఇంజిన్ నడపొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ ఉండదు, వాసనా ఉండదు.