యాప్, 14416, క్లినిక్: మూడూ చూశాక
ఆఫీసు టెన్షన్ ఇంటికి మోసుకొచ్చి, నిద్ర పట్టక, మనసు కుదుటపడటానికి పోయిన ఏడాది మూడు రకాల సాయమూ చూశాను. మొదట ఒక చాట్ యాప్, పేరెందుకులెండి. "అన్నం సయించట్లేదు, ఎవరితోనూ మాట్లాడబుద్ధి కావట్లేదు" అని రాస్తే "దీర్ఘంగా శ్వాస తీసుకోండి" అంది, మళ్లీ రాస్తే మళ్లీ అదే. మూడో రోజుకి డబ్బులు కట్టమంది. తీసేశాను.

తర్వాత 14416, అదే టెలీ మానస్, మానసిక ఇబ్బందులకి ఫోన్‌లో సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్. 2022 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది, బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దీనికి ప్రధాన కేంద్రం, పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ ఉంటుంది. నేను చేసింది రాత్రి ఒంటిగంటకి, బాల్కనీలో నిలబడి గుసగుసగా. అవతల ఆవిడ తెలుగులో "భోంచేశారా అండీ?" అని మొదలుపెట్టారు చూడండి, అక్కడే సగం బరువు దిగింది.

కానీ వారం వారం అదే మనిషి ఎదురుగా కూర్చుని పాత సంగతులు తవ్వుకోవాలంటే క్లినిక్కే. ఫీజు వెయ్యి, ఆటో ఖర్చు వేరే, బయట కుర్చీల్లో తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనన్న బెరుకు వేరే. అయినా, నేను "అంతా బానే ఉంది" అంటూ బ్యాగు జిప్పు లాగుతుంటే డాక్టరుగారు మాట వదిలేసి నా చేతుల వైపే చూశారు. ఫోన్‌లో అది కనపడదు కదా! ఇప్పుడు నెలకి రెండుసార్లు వెళ్తున్నాను, 14416 మాత్రం ఫోన్‌లో సేవ్ చేసే ఉంచాను.